ఇంట్లోనే తోలుపని: మొదటి కార్డు హోల్డర్ కుట్టేదాకా

తోలుపని నేర్చుకుందామని ఉత్సాహపడి నేను చేసిన మొదటి పని, ఆన్‌లైన్‌లో అరవై పరికరాల కిట్ ఒకటి కొనడం. పెట్టె తెరిచిన రోజు ఇల్లంతా పండగ. ఆరేళ్ల తర్వాత చూసుకుంటే ఆ అరవైలో ఇప్పటికీ నా బల్ల మీద ఉన్నవి రెండు: గీతలు గీసే డివైడర్, అంచులు రుద్దే చెక్క ముక్క. మిగతావన్నీ తుప్పు పట్టాయి, వంగాయి, లేదా అసలు ఎందుకో అర్థం కాక అలాగే ఉండిపోయాయి. కిట్‌తో పాటు వచ్చిన తోలు ముక్క అయితే కోసినప్పుడు పక్కలు పొట్టు లేచింది. తోలు పలకను పొరలుగా చీల్చి, అడుగు పొర మీద ప్లాస్టిక్ పూత పూసిన సరుకు అది.

అందుకే ఈ వ్యాసంలో పరికరాల పట్టిక చిన్నది. కార్డులు పెట్టుకునే చిన్న హోల్డర్ ఒకటి, రెండు జేబులది, పూర్తిగా చేతికుట్టుతో తయారు చేద్దాం. రెండు ఆదివారాల పని. మొదటిది వంకరగా వస్తుంది, రానివ్వండి. అదే కొలతలతో మరో నాలుగు చేయండి. బెల్టు, బ్యాగు, చెప్పులు తర్వాత సంగతి. ఒకే వస్తువు ఐదుసార్లు చేసినవాడికి వచ్చే చేయి, ఐదు రకాలు ఒక్కోసారి చేసినవాడికి రాదు.

తోలు ఎంచుకోవడం

పచ్చి చర్మం రెండు మూడు రోజుల్లో కుళ్లిపోతుంది. అది కుళ్లకుండా, ఎండినా అట్టలా బిగుసుకుపోకుండా చేసే పనిని ఇంగ్లీషులో ట్యానింగ్ అంటారు, మన ఊళ్లలో తోలు ఊనడం అంటారు. ఇందులో ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, చెట్ల బెరళ్లు, కాయల్లో ఉండే వగరు పదార్థంతో వారాల తరబడి ఊనడం. దీన్ని వెజ్ ట్యాన్ అంటారు. రెండోది, క్రోమియం లవణాలతో ఒకటి రెండు రోజుల్లో తేల్చేయడం. మనం కొనే బూట్లు, సోఫాలు, జాకెట్లలో ఎక్కువ భాగం ఈ క్రోమ్ తోలే. మెత్తగా ఉంటుంది, తడిని తట్టుకుంటుంది, రంగులు బాగా పడతాయి.

చేతిపనికి మాత్రం వెజ్ ట్యాన్ కావాలి. కారణం అంచు. వెజ్ ట్యాన్ తోలు అంచును తడిచేసి రుద్దితే నారలు ఒకదానికొకటి అతుక్కుని గాజులా నున్నగా అవుతాయి. క్రోమ్ తోలు అంచును ఎంత రుద్దినా నూగు నూగుగానే ఉంటుంది, దాని మీద ప్రత్యేకమైన పెయింట్ వేసుకోవాలి. దుకాణంలో తేడా పట్టడానికి నేను చేసేది ఇది: ఒక మూల చిన్న నీటి చుక్క వేస్తాను. పూత లేని వెజ్ ట్యాన్ అయితే చుక్క ఇంకిపోయి అక్కడ రంగు ముదురుతుంది. కోసిన అంచును కూడా చూస్తాను. క్రోమ్ తోలు అయితే మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు చాలాసార్లు కనిపిస్తుంది. బిల్లు మీద, ట్యాగు మీద 'జెన్యూన్ లెదర్' అని ఉంటే అది నాణ్యతకు హామీ అనుకోకండి. తోలు అని మాత్రమే దాని అర్థం. అడగాల్సింది 'ఫుల్ గ్రెయిన్ వెజ్ ట్యాన్ ఉందా' అని. ఫుల్ గ్రెయిన్ అంటే పై పొర చెక్కేయకుండా అలాగే ఉంచిన తోలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు అని అందరికీ తెలుసు, బతుకమ్మలో పేరుస్తాం. ఆ చెట్టు బెరడే మన దగ్గర తరతరాలుగా తోలు ఊనడానికి వాడిన ముఖ్యమైన సరుకు. దానికి తుమ్మ చెక్క, కరక్కాయ తోడు. తమిళనాడులో తిరుచ్చి, దిండిగల్ వైపు ఇదే పద్ధతిలో తయారయ్యే ఈ.ఐ. (ఈస్ట్ ఇండియా) లెదర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తోలు నానబెట్టే తొట్టిని లంద అంటారు, కోసే కత్తి రంపె, బెజ్జం పొడిచే మొన ఆరె. ఈ మాటలన్నీ మాదిగ కుటుంబాల చేతుల్లో పుట్టి పెరిగినవి. మోట బావికి తోలు సంచి, ఎద్దులకు పట్టెడ, కాళ్లకు చెప్పులు, చేతికి డప్పు అన్నీ వాళ్లే ఇచ్చారు. ఇవాళ మనం హాబీ అని మురిసిపోతున్న పనే వాళ్లను ఊరి చివర నిలబెట్టింది. అందుకే ఈ వ్యాసంలో తెలుగు మాట ఉన్నచోట ఆ మాటే వాడుతున్నాను.

ఇక మందం. తోలు మందాన్ని మిల్లీమీటర్లలో గానీ, ఔన్సుల్లో గానీ చెబుతారు. ఒక ఔన్సు అంటే సుమారు 0.4 మి.మీ. మన కార్డు హోల్డర్‌కు 1 నుంచి 1.2 మి.మీ. చాలు, అంటే మూడు ఔన్సులకు కాస్త అటూ ఇటూ. బెల్టుకు 3.2 నుంచి 4 మి.మీ. కావాలి. కొత్తవాళ్లు సాధారణంగా మందం ఎక్కువగా కొంటారు, గట్టిగా ఉంటుందని. మూడు పొరలు కలిసేసరికి అది పర్సులా కాక ఇటుకలా తయారవుతుంది.

తోలును చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. మనకు కావలసింది దాదాపు 151 చదరపు సెం.మీ. చదరపు అడుగు అంటే 929. అంటే తరుగు పోగా ఒక్క అడుగులో మూడు నాలుగు హోల్డర్లు వస్తాయి. తప్పులు చేయడానికి అది సరైన కొలత. వీలైతే వీపు భాగం అడగండి. పొట్ట వైపు తోలు సాగుతుంది, వారానికల్లా జేబు నోరు తెరుస్తుంది. చెన్నై వెళ్లే పని ఉంటే తోలు దుకాణాలుండే పెరియమేట్ వీధుల్లో ఒక పూట తిరగండి. చేత్తో వంచి, వాసన చూసి, అంచు పరిశీలించి కొనడానికి అంతకు మించిన చోటు మనకు దగ్గరలో లేదు.

కావలసిన పరికరాలు

కోయడానికి స్నాప్ బ్లేడ్ కటర్ ఒకటి, మంచి కంపెనీది. గీత తప్పకుండా ఉండడానికి స్టీలు స్కేలు, వెనక కార్క్ అతికించి ఉంటే జారదు. కోసే పని కింద కటింగ్ మ్యాట్. కుట్టు గీత గీయడానికి డివైడర్. బెజ్జాలకు స్టిచింగ్ చిజెల్స్, అంటే పళ్లున్న ఉలి లాంటివి రెండు: నాలుగు పళ్లది ఒకటి, రెండు పళ్లది ఒకటి, రెండింటికీ పళ్ల మధ్య ఎడం 4 మి.మీ. ఈ రెండూ ఒకే కంపెనీవి, ఒకే జతలోవి అయి ఉండాలి, లేకపోతే ఎడం కలవదు. వాటిని కొట్టడానికి నైలాన్ లేదా కొయ్య సుత్తి, అర కిలో లోపు. ఇనప సుత్తితో కొడితే చిజెల్ తల చితికిపోతుంది. మొన మొద్దుగా ఉండే సూదులు రెండు. మైనం పట్టించిన పాలిస్టర్ దారం, 0.55 లేదా 0.6 మి.మీ. అంచు మూలలు గీసే బెవెలర్, ఒకటో నంబరుది. ఉప్పు కాగితం 400, 800 నంబర్లవి. అంచులు రుద్దే చెక్క ముక్క, అంటే స్లికర్. ఒక ఆరె.

సూది మొన పదునుగా ఉండకూడదా అని చాలామంది అడుగుతారు. ఉండకూడదు. బెజ్జం ముందే పడి ఉంటుంది, సూది పని దారాన్ని దాటించడం మాత్రమే. పదును సూది అయితే అప్పటికే బెజ్జంలో ఉన్న దారాన్ని గుచ్చేస్తుంది, ఆ కుట్టు ఇక బిగుసుకోదు.

వీటిలో డబ్బు పెట్టాల్సినవి చిజెల్స్, దారం. బ్లేడు చవకే, కానీ దాన్ని మార్చడానికి పిసినారితనం చూపకండి. మా వీధి మలుపులో చెప్పులు కుట్టే పెద్దాయన ఒకసారి నేను కోసిన ముక్క చేతిలోకి తీసుకుని అంచు మీద బొటనవేలు రాసి చూశాడు. "మీరు తోలు కోస్తలేరు సార్, పీకుతున్నరు" అన్నాడు. తన రంపె తీసి అరచేతి అంత రాయి మీద నాలుగుసార్లు రుద్ది, నా ముక్కనే మళ్లీ కోసి చూపించాడు. చప్పుడు కూడా రాలేదు. ఆ రోజు నుంచి ప్రతి కొత్త పనికీ బ్లేడు మొన ఒకటి విరిచి పారేస్తున్నాను. కత్తి వాడేవాళ్లయితే 1000 గ్రిట్, తర్వాత 3000 గ్రిట్ సానరాయి, ఆఖరున తోలుపట్టీ మీద పాలిషింగ్ పేస్టు. పాతకాలం మంగలి షాపులో గోడకు వేలాడే పట్టీ గుర్తుంటే అదే ఇది.

ఆయన కుట్టు, మనం నేర్చుకోబోయే కుట్టు ఒకటి కావు. ఆయన ఆరెకు చివర కొక్కెం ఉంటుంది. పైనుంచి గుచ్చి, కింద దారాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగి, ఆ ఉచ్చులోంచి రెండో దారం దూరుస్తాడు. చాలా వేగం. కుట్టు మిషను వేసే లాక్ కుట్టుకు దగ్గరి చుట్టం. మనది రెండు సూదుల శాడిల్ కుట్టు, నెమ్మది. దాని సంగతి కిందకి వస్తుంది.

కూర్చునే చోటు

వేరే గది అక్కర్లేదు. నాది బాల్కనీ తలుపు పక్కన మూడడుగుల బల్ల. కావలసినవి మూడే: పక్కనుంచి పడే వెలుతురు, గాలి, కదలని అడుగు. తలమీద ట్యూబ్‌లైటు ఒక్కటే ఉంటే గీసిన గీత కనపడదు. పక్కనుంచి టేబుల్ ల్యాంప్ పెడితే గీత లోతుకు నీడ పడి స్పష్టంగా కనిపిస్తుంది.

కదలని అడుగు కోసం గ్రానైట్ షాపుకు వెళ్లి కిచెన్ ప్లాట్‌ఫామ్ కోయగా మిగిలిన ముక్క అడగండి. అడుగు చదరం ఉంటే చాలు, ఊరికే ఇచ్చినా ఇస్తారు. రాయి మీద నేరుగా కొడితే చిజెల్ పళ్లు పోతాయి కాబట్టి దానిమీద మందపాటి ప్లాస్టిక్ కూరగాయల బోర్డు పెట్టాలి. కటింగ్ మ్యాట్ మీద చిజెల్ కొట్టకండి, రెండూ పాడవుతాయి.

అపార్ట్‌మెంట్లలో అసలు సమస్య చప్పుడు. మొదటి నెలలోనే కింది ఫ్లాట్ ఆంటీ వచ్చి "రాత్రి పదింటికి ఏం దంచుతున్నారు బాబూ" అని అడిగేశారు. రాయి కింద పాత దుప్పటి నాలుగు మడతలు వేయడం, బల్ల మధ్యలో కాక సరిగ్గా బల్ల కాలు మీదుగా కొట్టడం, ఈ రెండింటితో చప్పుడు సగానికి సగం తగ్గింది. మిగతా సగానికి, బెజ్జాలు కొట్టే పని పగలే ముగించి రాత్రిళ్లు కుట్టు పెట్టుకుంటున్నాను. ఆవిడకు ఒక తాళాల గుత్తి పట్టీ కుట్టి ఇచ్చాను కూడా.

జిగురు పనికి కిటికీ తెరిచి ఉండాలి. రబ్బర్ సొల్యూషన్ జిగుర్లలోని ద్రావకాలు తలనొప్పి తెస్తాయి, వాటికి చప్పున నిప్పు అంటుకుంటుంది కూడా. దేవుడి దీపం, వంటగది, అగరొత్తి దరిదాపుల్లో వద్దు.

కొలతలు, కోత

ఏటీఎం కార్డు కొలత ప్రపంచమంతా ఒకటే: 85.6 మి.మీ. పొడవు, 54 మి.మీ. ఎత్తు. ప్లాస్టిక్ ఆధార్ కార్డు, పాన్ కార్డు కూడా అంతే. దీన్నిబట్టి మన ముక్కలు మూడు. మధ్య పలక 98 × 64 మి.మీ. జేబులు రెండు, ఒక్కొక్కటి 98 × 45 మి.మీ. మధ్య పలకకు ముందొక జేబు, వెనకొక జేబు.

ఈ అంకెలు ఊరికే వేసినవి కావు. కుట్టు అంచు నుంచి 3 మి.మీ. లోపలికి పడుతుంది. రెండు పక్కలా తీసేస్తే కుట్టుకూ కుట్టుకూ మధ్య 92 మి.మీ. మిగులుతుంది. కార్డుకు 6 మి.మీ. వెసులుబాటు, రెండు మూడు కార్డులు పెట్టినా పట్టేయదు. 92ను 4తో భాగిస్తే సరిగ్గా 23. అంటే అడుగున కుట్టు ఒక మూల బెజ్జంలో మొదలై రెండో మూల బెజ్జంలో తూచినట్టు ముగుస్తుంది. పక్క కుట్టు మూల నుంచి పైకి 11 ఎడాలు, 44 మి.మీ. జేబు అంచు మాత్రం కుట్టు గీత నుంచి 42 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి చివరి బెజ్జం జేబు అంచుకు 2 మి.మీ. పైన, ఒట్టి మధ్య పలకలో పడుతుంది. దాని కింది బెజ్జం అంచుకు 2 మి.మీ. లోపల. ఆ రెండింటి మధ్య దారం జేబు అంచు మీదుగా ఎక్కి దిగుతుంది. జేబు ఎక్కువగా చిరిగేది అక్కడే కాబట్టి ఆ ఒక్క కుట్టు మొత్తం వస్తువుకు కాపలా. సొంత డిజైన్లు వేసుకునేటప్పుడు కూడా ముందు కార్డు కొలత, తర్వాత కుట్టు ఎడం, ఆ తర్వాతే ముక్క కొలత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, మూలల దగ్గర ఇరుక్కుంటారు.

పాత పెళ్లి కార్డు అట్ట మీద ఈ కొలతలు గీసి కోసి పెట్టుకోండి, అదే నమూనా. దాన్ని తోలు నునుపు వైపు పెట్టి ఆరె మొనతో చుట్టూ పల్చగా గీత గీయండి. పెన్ను వద్దు, సిరా పోదు. కోసేటప్పుడు స్కేలును వేళ్లు పరిచి నొక్కి పట్టుకోవాలి, ఏ వేలి కొసా స్కేలు అంచు దాటకూడదు. ఒక్క ఊపులో కోసేయాలన్న ఆరాటం వద్దు. మొదటిసారి దారి పడేలా పైపైన, రెండోసారి కొంచెం ఒత్తి, మూడోసారికి ముక్క ఊడి వస్తుంది. కటర్‌ను నిటారుగా పట్టుకోండి. పక్కకు వాలితే అంచు ఏటవాలుగా వస్తుంది, తర్వాత మూడు పొరలు కలిపినప్పుడు ఆ తప్పు మూడింతలై కనిపిస్తుంది. నా ఎడమ చూపుడు వేలి మీద ఉన్న మచ్చ, చివరి సెంటీమీటరు దగ్గర తొందరపడినందుకు.

జేబు పై అంచులు ముందే

ఇది మర్చిపోతే వెనక్కి తిరిగి రాలేని మెట్టు. జేబుల పై అంచులు అతికించాక చేతికి సరిగ్గా అందవు. అందుకే వాటిని ఇప్పుడే మెరుగుపెట్టాలి. బెవెలర్‌ను 45 డిగ్రీల కోణంలో ఆనించి అంచు మూలను ఒక్క సాగులో గీయండి, సన్నటి దారంలా తోలు లేచి వస్తుంది. రెండు వైపులా అంతే. తర్వాత 400, ఆపైన 800 ఉప్పు కాగితం. వేలితో కాస్త నీళ్లు గానీ, ట్రాగకాంత్ అనే మొక్క బంక గానీ అద్ది స్లికర్‌తో ముందు నెమ్మదిగా, తర్వాత వేగంగా రుద్దండి. రుద్దే వేడికి నారలు కలిసిపోయి అంచు మెరుపు తేలుతుంది. నీళ్లు ఎక్కువైతే అంచు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. వేలి తడి చాలు.

జేబుల లోపలి వైపు, అంటే నూగు వైపు కూడా అదే బంక పల్చగా రాసి గుండ్రటి గాజు సీసాతో ఒకే దిక్కుకు రుద్దితే నూగు అణిగి కార్డు సాఫీగా జారుతుంది. అంచుల్లో 4 మి.మీ. మేర మాత్రం బంక రాయకండి, అక్కడ జిగురు పట్టాలి.

ఒక హెచ్చరిక. తడి వెజ్ ట్యాన్ తోలును ఇనుము మీద పెట్టి వదిలేయకండి. నేను తడి ముక్క మీద ఇనప సుత్తి పెట్టి భోజనానికి వెళ్లి వచ్చేసరికి దానిమీద నల్లటి మచ్చ. తోలులోని వగరూ ఇనుమూ కలిస్తే నలుపు. కలంకారీలో బెల్లం నీళ్లలో పాత ఇనుము ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ నీటితో గీసి నలుపు తెప్పించేది సరిగ్గా ఈ రసాయనంతోనే. బట్ట మీద కళ, నా పర్సు మీద మచ్చ.

అతికించడం

కుట్టడానికి ముందు జిగురు ఎందుకంటే, బెజ్జాలు కొట్టేటప్పుడు పొరలు కదలకుండా. మన దగ్గర చెప్పుల పనివాళ్లు వాడే ఫెవికాల్ ఎస్.ఆర్. 998 లాంటి రబ్బర్ జిగురు సరిపోతుంది. మధ్య పలక నునుపు వైపు జిగురు పట్టదు. కాబట్టి ముందు జేబు వచ్చేచోట పక్కలా, అడుగునా 3 మి.మీ. పట్టీని ఉప్పు కాగితంతో గరుకు చేయండి. వెనక జేబు వచ్చే వైపు సహజంగానే నూగు ఉంటుంది.

రెండు ముఖాలకూ పల్చగా జిగురు రాసి పది పదిహేను నిమిషాలు ఆగండి. వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు అతికించాలి. తడిగా ఉండగానే అతికిస్తే జారుతూ ఉంటుంది, పట్టదు. అడుగు అంచు కలిపి, తర్వాత పక్కలు నొక్కండి. ఒకసారి తాకిందంటే మళ్లీ జరపడం కష్టం. ఆపైన సుత్తితో మెల్లగా తట్టండి. ఆరాక మూడు పొరల అంచులు ఎక్కడైనా హెచ్చుతగ్గులుంటే స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో వెంట్రుకవాసి కోసి సరిచేయండి, కానీ అరమిల్లీమీటరు దాటితే పైన వేసిన లెక్క తప్పుతుంది.

బెజ్జాలు

నన్నడిగితే మొత్తం పని అందం ఇక్కడే తేలిపోతుంది. కుట్టు బాగా రాలేదని బాధపడేవాళ్లలో ఎక్కువమందికి అసలు లోపం బెజ్జాల్లో ఉంటుంది.

డివైడర్‌ను 3 మి.మీ.కు బిగించి, ఒక కాలు అంచున ఆనించి, రెండో కాలుతో పక్కలూ అడుగూ గీత గీయండి. మూలల్లో రెండు గీతలు కలిసిన చోట ఆరెతో చిన్న చుక్క పెట్టండి. నాలుగు పళ్ల చిజెల్‌ను ముందు గీత మీద చేత్తోనే నొక్కుతూ మూల నుంచి మూల దాకా గుర్తులు వేసుకోండి. ప్రతిసారీ చిజెల్ మొదటి పన్ను వెనకటి ఆఖరి గుర్తులో కూర్చోవాలి, అప్పుడే ఎడం చెదరదు. చివరకు అర మిల్లీమీటరు తేడా వస్తే ఆఖరి ఐదారు గుర్తుల్లో తలా కాస్త పంచండి, కంటికి తెలియదు. మొత్తం లెక్క 46 బెజ్జాలు రావాలి.

గుర్తులన్నీ కుదిరాక సుత్తి పట్టండి. చిజెల్ నిటారుగా ఉందా అని ముందు నుంచి, పక్క నుంచి రెండుసార్లు చూసి కొట్టండి. మూడు పొరలూ దాటి కింద బోర్డులో మొనలు దిగే దాకా. చిజెల్ ఇరుక్కుంటే అటూ ఇటూ ఊపి పీకకండి, బెజ్జాలు సాగిపోతాయి. తోలును చదును చెక్కతో నొక్కి పట్టి నేరుగా పైకి లాగండి. పళ్లను మైనం ముద్దలో ఒకసారి గుచ్చి తీస్తే ఇరుక్కోవడం తగ్గుతుంది. జేబు అంచు మెట్టు దగ్గర రెండు పళ్లది వాడండి.

ముక్క తిప్పి వెనక వైపు చూడండి. అక్కడ గీత తిన్నగా ఉంటే మీ చేయి తిన్నగా ఉన్నట్టు. ఉండదు, మొదటిసారి ఎవరికీ ఉండదు.

రెండు సూదుల కుట్టు

కుట్టు పొడవు 18 సెం.మీ. దారం దానికి నాలుగింతలు, చివర్లకు మరికొంత కలిపి 90 సెం.మీ. కోయండి. దారం రెండు కొసలకూ రెండు సూదులు. సూది ఊడిపోకుండా, దారాన్ని కన్నంలోంచి దూర్చి, కొస నుంచి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో ఆ దారం మధ్యలోనే సూదితో రెండుసార్లు గుచ్చి, ఆ మెలికలను సూది మీదుగా కిందికి జారవిడిచి లాగండి. ముడి లేకుండానే బిగుసుకుంటుంది.

హోల్డర్‌ను మోకాళ్ల మధ్య గానీ, రెండు చెక్కల మధ్య బిగించే స్టాండులో గానీ పట్టించండి. మొదటి బెజ్జంలో దారం దూర్చి రెండు వైపులా సమానంగా లాగండి. రెండో బెజ్జంలోకి ఎడమ సూది ముందు. అది కుడివైపు కొంత బయటికి రాగానే కుడి సూదిని దానికి అడ్డంగా వెనక పెట్టి, రెండూ కలిపి పట్టుకుని ఎడమ సూదిని పూర్తిగా లాగండి. ఇప్పుడు కుడి సూదిని అదే బెజ్జంలో, మొదటి దారానికి మీ వైపున దూర్చండి. దూర్చేటప్పుడు మొదటి దారాన్ని కాస్త వెనక్కి లాగితే సూది దాన్ని గుచ్చలేదని తెలుస్తుంది. తర్వాత రెండు చేతులా ఒకేసారి బిగించండి. ప్రతి బెజ్జానికీ ఇదే వరస. ఏ సూది ముందో, రెండోది ఏ వైపున దూరుతుందో మధ్యలో మారిస్తే కుట్టు వాలు మారిపోతుంది. ఫోను మోగితే ఆ బెజ్జం పూర్తిచేసి ఎత్తండి.

బిగించే బలం కూడా ఒకటే ఉండాలి. అతిగా లాగితే తోలు ముడతపడుతుంది, వదులైతే దారం ఉబ్బుతుంది. దారం తోలులోకి కొంచెం కూర్చుని ఆగినప్పుడు చాలు.

మిషను కుట్టులో పైదారం, కిందదారం ఒకదానికొకటి కొక్కెంలా తగులుకుని ఉంటాయి. ఒకచోట తెగితే వరసగా ఊడుతుంది. ఇందులో ప్రతి బెజ్జంలోనూ దారం రెండు కొసలూ ఎదురెదురుగా పూర్తిగా దాటుతాయి. ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. గుర్రపు జీనుల పనివాళ్లు దీన్ని నమ్ముకున్నది అందుకే, శాడిల్ కుట్టు అనే పేరూ అక్కడిదే.

చివరి బెజ్జం దాకా వచ్చాక రెండు బెజ్జాలు వెనక్కి కుట్టండి. రెండు దారాలనూ వెనక వైపుకే తెచ్చి 2 మి.మీ. వదిలి కోసి, లైటర్ మంట దగ్గరికి తెచ్చి కరిగించి, లైటర్ లోహపు అంచుతో నొక్కేయండి. మంట తోలును తాకితే మచ్చ పోదు. చివరగా కుట్టు వరస మీద కొయ్య సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే దారాలు సర్దుకుంటాయి.

మిగిలిన అంచులు, తర్వాతి సంగతులు

ఇప్పుడు మూడు పొరల అంచు ఒక్క పలకలా కనిపించాలి. జేబు అంచులకు చేసిందే మళ్లీ: బెవెలర్, ఉప్పు కాగితం, తడి, రుద్దుడు. ఇక్కడ ఓపిక ఎక్కువ కావాలి. ఒకసారి రుద్దాక మళ్లీ 800 కాగితం వేసి మళ్లీ రుద్దండి. మూడో విడతకు పొరల మధ్య గీతలు మాయమవుతాయి. తేనెమైనం రాసి పాత జీన్స్ ముక్కతో ఆఖరి రుద్దుడు. మధ్య పలక పై అంచు మర్చిపోకండి, నేను మర్చిపోయాను.

నూనె గురించి ఇంట్లో అందరూ ఒకే సలహా ఇస్తారు, కొబ్బరినూనె రాయమని. నేను రాయను. మరకలు మరకలుగా ముదురుతుంది, కొన్నాళ్లకు వాసన వేస్తుంది. నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల నుంచి తీసేది) పల్చగా ఒక్క పూత, లేదా తేనెమైనం కలిసిన లెదర్ క్రీము చాలు. తర్వాత చేతి చమురూ, ఎండా కలిసి లేత గోధుమ రంగు తోలును నెలనెలా ముదురు చేసుకుంటూ పోతాయి.

మిగిలిన తోలును మడతపెట్టకుండా, నునుపు వైపు బయటికి ఉండేలా చుట్టి నూలు బట్టలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచిన నా మొదటి తోలు చుట్ట ఆగస్టు నెలాఖరుకు తెల్లటి బూజు కట్టింది. పొడిబట్టతో తుడిచి, గాలి ఆడే నీడలో రెండు రోజులు ఆరబెడితే చాలావరకు పోయింది, వాసన మాత్రం దీపావళి దాకా ఉంది.

కొత్త హోల్డర్‌లో కార్డు దూరకపోతే కంగారు పడి కుట్టు విప్పకండి. పనికిరాని రెండు పాత కార్డులకు పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఒక్కో జేబులో ఒకటి దూర్చి, పైన నాలుగు బరువైన పుస్తకాలు పెట్టి పడుకోండి. పొద్దున్నకి దారి ఇస్తుంది.